చౌడు కింద చేవ మిగిలిందా?

ధర్మవరం పాత వీధుల్లోని చౌడు మిద్దె కింద నిలబడి తలెత్తితే ముందు కనిపించేది నలుపు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పట్టి, నూనె రాసినట్టు నిగనిగలాడే దూలం. దాని మీద వరసగా దంతెలు, ఆ పైన కట్టె చీలికలు. దూలాన్ని నడిమిలో సుత్తితో తడితే ఖంగుమంటుంది. గోడలోకి దూరే చోట, చివరి అడుగు మేర తడితే కొన్ని దూలాలకు గొంతు మారుతుంది. మెత్తగా, బొద్దుగా పలుకుతాయి. అలాంటి చోట దబ్బనం ఆనించి బొటనవేలితో నొక్కితే ముప్పావు అంగుళం లోపలికి దిగిపోతుంది. పైకి నలుపు నలుపుగానే ఉంటుంది, లోపల కొయ్య పొడైపోయి ఉంటుంది.

మిద్దె ఇంటి క్షేమమంతా ఆ చివరి అడుగు మీదే ఆధారపడి ఉంది. దూలం మధ్యలో పగుళ్లు కనిపిస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. గోడలో దాగిన కొసను మాత్రం ఇల్లు కట్టిన రోజు తర్వాత ఎవరూ చూసి ఉండరు.

2024 జూన్ చివర్లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో రాత్రి నిద్రలో ఉండగా మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. కొద్ది రోజుల తేడాలోనే నాగర్‌కర్నూల్ జిల్లా వనపట్లలో మట్టి ఇంటి పైకప్పు పడి ఒక తల్లి, ముగ్గురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల పాత పేటల్లోనూ, చుట్టూ ఉన్న పల్లెల్లోనూ అలాంటి మిద్దెల కింద ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు, మగ్గాలు నడుస్తున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. ఆ మిద్దెలన్నీ ప్రమాదకరమని అనడం తప్పు. చేవ దేరిన టేకు దూలాలతో తరాలు దాటినవీ వాటిలో ఉన్నాయి. ఏది గట్టిది, ఏది డొల్ల అన్నది మిద్దె విప్పకుండా ఎంతవరకు తెలుసుకోవచ్చు? దీనికి వడ్రంగులు, మేస్త్రులు, కొయ్య శాస్త్రం చదివినవారు, పడవలు పరీక్షించేవారు చెప్పే జవాబులు వేర్వేరు దారుల్లో వచ్చినా చాలా చోట్ల కలుస్తాయి.

ఒకటే జబ్బు, మూడు ఒళ్లు

పడవల మాట ఇక్కడికి ఎందుకు వచ్చిందంటే, దాగిన కుళ్లు గురించి లోకంలో బాగా తలబద్దలు కొట్టుకున్నవాళ్లు పాత ఫైబర్ బోట్లు కొనేవాళ్లూ, వాటిని తనిఖీ చేసేవాళ్లూ. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత కోస్తా రేవుల్లో ఫైబర్ పడవల వాడకం బాగా పెరిగింది. ఫైబర్ కుళ్లదు, నిజమే. కానీ పాతకాలపు ఫైబర్ పడవల్లో చాలావాటికి ఇంజను బిగించే వెనక పలక లోపల ప్లైవుడ్డు ఉంటుంది. అడుగున గట్టిదనానికి కొయ్య పట్టెలు వేసి వాటిని ఫైబర్‌తో చుట్టేస్తారు. పెద్ద పడవల డెక్కులో రెండు ఫైబర్ పొరల మధ్య తేలికపాటి బాల్సా కొయ్య పెడతారు. ఎక్కడో ఒక మర బిగించిన రంధ్రంలోంచి నీటిచుక్క లోపలికి దిగితే మళ్లీ బయటికి వచ్చే దారి ఉండదు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల కొయ్య తడిసిన రొట్టెలా అవుతుంది.

మూడో ఉదాహరణ అమెరికాది. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంటు బాల్కనీ విరిగిపడి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. ఆ భవనం కట్టి పదేళ్లు కూడా కాలేదు. బాల్కనీని మోసే కొయ్య దూలాలు పైపూత కింద నీరు చేరి కుళ్లిపోయాయని తర్వాత తేలింది. 2018లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. కొయ్య మీద ఆధారపడిన బాల్కనీలు, బయటి మెట్లు ఉన్న అపార్ట్‌మెంట్లలో ప్రతి రకంలోనూ కనీసం 15 శాతాన్ని నిపుణుడు ఆరేళ్లకోసారి పరీక్షించాలి. ఆ రాష్ట్రంలోని అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే తెలుగు కుటుంబాలకు ఈ తనిఖీ నోటీసులు కొత్త కాదు. వాళ్లలో అనంతపురం వైపు మిద్దె ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లూ ఉంటారు. వాళ్ల ఊళ్లోని ఇంటికి అలాంటి నోటీసు వచ్చే ఏర్పాటు ఏదీ లేదు.

పడవ, బాల్కనీ, మిద్దె మూడింటిలోనూ జరిగింది ఒకటే. నీళ్లు లోపలికి వెళ్లగలిగాయి, ఆవిరై బయటికి రాలేకపోయాయి. పైపొర కంటికి అడ్డంగా నిలిచింది.

మిద్దె కడుపులో ఏముంది

రాయలసీమ మట్టి మిద్దె కింది నుంచి పైకి ఒక వరసలో ఉంటుంది. గోడల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, దంతెల మీద దగ్గరదగ్గరగా కట్టె చీలికలు. వాటి మీద బోదగడ్డి, కానుగ కొమ్మలు, ఈతాకు, ఊరిని బట్టి ఏది దొరికితే అది. ఆపైన తొక్కి అణిచిన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు.

చౌడును ఎంచుకోవడంలో పాతవాళ్ల పరిశీలన గొప్పది. పంట పండని ఆ ఉప్పునేల మట్టిలో సోడియం ఎక్కువ. నీళ్లు తగలగానే దాని బంకమన్ను రేణువులు విడిపోయి, ఉబ్బి, మట్టిలోని సన్నని సందులను మూసేస్తాయి. తొలివానకే పైపొర తనకు తాను మూసుకుని కింది మట్టిని కాపాడుతుంది. రైతుకు శాపమైన గుణమే ఇంటికి గొడుగు. అందుకే వానాకాలం ముందు బండ్ల మీద చౌడు తోలుకొచ్చి మిద్దె మీద పరచడం సీమ ఊళ్లలో ఏటా జరిగే పని.

ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. కొత్త చౌడు వేసే ముందు పాతదాన్ని గీకి దించాలి. దించే ఓపిక, కూలి లేనప్పుడు పాతదాని మీదే కొత్తది పడుతుంది. లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు. దాని మీద 30 సెంటీమీటర్ల మట్టి అంటే 3.3 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.6 టన్నులు వేసుకున్నా మొత్తం అయిదు టన్నులు దాటుతుంది. ఏటా ఒక్క సెంటీమీటరు మందం పెరిగినా ఆ గది మీద సుమారు 180 కిలోల బరువు అదనం. నాలుగు రోజుల ముసురులో మట్టి తన బరువులో పదో వంతు నీళ్లు పీల్చుకుంటే మరో అరటన్ను. దూలం చేవ తగ్గుతున్న కొద్దీ దాని నెత్తిన బరువు పెరుగుతూ పోతుంది. ఈ రెండూ కలిసే రాత్రి సాధారణంగా వాన రాత్రే.

కరువు సీమలో కుళ్లా?

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, కోస్తాలో పడేదానిలో సగం. ఇంత పొడి నేలలో కొయ్య ఎలా కుళ్లుతుందన్న సందేహం సహజమే.

కొయ్యను కుళ్లబెట్టేది శిలీంధ్రం. దానికి ఆహారం కొయ్య, ప్రాణం తేమ. కొయ్యలో తేమ దాని పొడిబరువులో 20 శాతం దాటనంతవరకు ఆ శిలీంధ్రం పెరగలేదు. బాగా పెరగాలంటే 30 శాతం దగ్గరికి రావాలి. సీమ గాలిలో ఆరిన కొయ్యలో తేమ ఏడాదిలో ఎక్కువ కాలం పది, పన్నెండు శాతం దగ్గరే తచ్చాడుతుంది. కోస్తా ఉక్కపోతలోనూ కేవలం గాలి తేమతో 20 శాతానికి చేరదు. కాబట్టి హిందూపురంలో ఒక దూలం కుళ్లిందంటే గాలి వల్ల కాదు, ఏదో ఒక దారిన నీళ్లు సూటిగా వచ్చి దాన్ని పట్టుకున్నాయి. తనిఖీ చేసేవారికి ఇది మేలైన సంగతి. ఇంట్లోని ప్రతి కట్టెనూ అనుమానించనక్కర్లేదు. నీళ్ల దారి పట్టుకుంటే చాలు.

పైగా సగటు లెక్క వాన తీరును దాచిపెడుతుంది. నెలల తరబడి ఎండి, బీటలు తీసిన చౌడు మీద ఒకేసారి కుంభవృష్టి కురవడం ఇక్కడ మామూలే. 2021 నవంబరులో చిత్రావతి ఉప్పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో ఏట్లో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టరుతో బయటికి తీయాల్సి వచ్చింది. అలాంటి వారంలో తడిసిన మిద్దె మట్టి ఆరడానికి వారాలు పడుతుంది. వాన వెలిసినా, ఎండ కాసినా గోడలోని దూలం కొస తడిలోనే ఉంటుంది.

ఒక నిజం మాత్రం భయపెట్టేదే. కొయ్యలోని సెల్యులోజును తినే గోధుమరంగు కుళ్లు పట్టినప్పుడు దూలం బరువులో పదో వంతు కూడా పోకముందే, దెబ్బకు తట్టుకునే శక్తిలో సగానికి పైగా పోవచ్చు. కంటికి కుళ్లు కనిపించేసరికి బలం చాలావరకు పోయి ఉంటుంది.

తినేవాళ్లు ముగ్గురు

ఊళ్లో అన్నిటికీ కలిపి ‘పుచ్చిపోయింది’ అంటారు. కానీ పుచ్చు మూడు రకాలు. మూడింటికీ వైద్యం వేరు.

మొదటిది కుళ్లు. గోధుమరంగు కుళ్లు పట్టిన కొయ్య అడ్డంగా, నిలువుగా పగిలి చిన్న చిన్న గళ్లుగా విడిపోతుంది. చేత్తో నలిపితే ముక్కుపొడిలా అవుతుంది. తెల్లకుళ్లు పడితే పీచు పీచుగా, తెల్లబారి, తడి కాగితంలా లాగితే వచ్చేస్తుంది. ఇవి కనిపించిన చోట నీటి ఊట ఉన్నట్టే.

రెండోది చెద. ఇటుక గోడ మీద చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి పాకుతాయి కాబట్టి దొరికిపోతాయి. మట్టి గోడలో ఆ అవసరం లేదు, గోడ లోపలి నుంచే దారి. దూలం కొసలోకి దిగి మెత్తని భాగాన్ని తింటూ, గట్టి పొరలను పుస్తకంలోని పేజీల్లా వదిలేస్తాయి. పైతోలు మాత్రం చెక్కుచెదరదు. తొలివానల తర్వాత సాయంత్రం ఉసుళ్లు ఇంటి గోడలోంచే బయటికి వస్తే పుట్ట ఇంటి కిందో పక్కనో ఉందని అర్థం. దీపం చుట్టూ మూగినవాటికి అంత అర్థం లేదు, అవి ఎక్కడి నుంచైనా ఎగిరి రావచ్చు.

మూడోది పుప్పి. గుండుసూది తలంత గుండ్రని రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి. ఈ పురుగు చాలావరకు కొయ్య బయటి తెలుపు భాగాన్నే తింటుంది, చేవ జోలికి పోదు. అందువల్ల చేవ నిండిన పాత దూలానికి పైపైన పుప్పి పట్టినా కంగారుపడనక్కర్లేదు. తెలుపు ఎక్కువున్న సన్నని దంతెలకైతే అదే పెద్ద దెబ్బ. పొడిని ఊడ్చేసి మర్నాడు పొద్దున చూడాలి. మళ్లీ రాలి ఉంటే పురుగు బతికే ఉంది.

తెలుగులో ‘చేవ’ అన్న మాట మనిషి సత్తువకూ, చెట్టు నడిమి కొయ్యకూ ఒకటే కావడం వెనక వడ్రంగుల అనుభవం ఉంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ కొయ్య ముక్కలను సగం వరకు నేలలో పాతిపెట్టి అవి ఎన్నాళ్లు నిలుస్తాయో చూసింది. ఆ పరీక్షల మీదే భారత ప్రమాణాలు కొయ్యను మూడు తరగతులు చేశాయి. సగటున 120 నెలలు దాటి నిలిచేది మొదటి తరగతి, 60 నుంచి 120 నెలలది రెండోది, 60 కన్నా తక్కువది మూడోది. టేకు చేవ మొదటి తరగతి, మామిడి మూడో తరగతి. ఈ లెక్క తడినేలలో పాతిన ముక్కలకు. పొడిగా ఉంచితే మామిడి పలక కూడా చాలాకాలం నిలుస్తుంది. తడి గోడలో ఇరుక్కుంటే టేకుకూ గడువు మొదలైనట్టే.

ఎక్కడ వెతకాలి

అనుభవం ఉన్న మేస్త్రి ముందు మిద్దె ఎక్కుతాడు, ఆ తర్వాతే కిందికి దిగి దూలాలు చూస్తాడు. వాన నీళ్లు బయటికి పోయే గొట్టం ఏ మూలన ఉంది, దాని చుట్టూ మట్టి కుంగిందా, పిట్టగోడ కింద బీట ఉందా, వెలుతురు కోసం వదిలిన గవాచి అంచులు కోసుకుపోయాయా, మిద్దె మీద గడ్డి పచ్చగా మొలిచిన చోటేది? మండువేసవిలోనూ ఒకచోట పచ్చదనం మిగిలితే దాని కింద తడి ఉన్నట్టే. ఆ చోట్లు గుర్తుపెట్టుకుని కిందికి వచ్చి సరిగ్గా వాటి కిందనున్న కట్టెలు చూస్తే సగం పని అయిపోతుంది.

ఆ తర్వాత దూలం కొసలు. అందులోనూ పడమటి గోడ, వానజల్లు కొట్టే గోడ, పక్కింటితో కలిసిన గోడ, నీళ్లు వాడే జాలాడి పక్క గోడ ముందు. తర్వాత దంతెలు దూలం మీద ఆనే చోట్లు. చివరగా గుంజలు నేలను తాకే చోటు. నేలమట్టం దగ్గర తడి, గాలి రెండూ దొరుకుతాయి కాబట్టి పాతిన కొయ్య ఎప్పుడూ అక్కడే ముందు తెగుతుంది.

ధర్మవరంలో దీనికి తోడు మగ్గం గుంట ఉంది. పట్టుచీరలు నేసే గుంట మగ్గాల్లోకి గట్టి వాన పడినప్పుడు నేలలోంచి ఊట నీళ్లు చేరతాయి. మగ్గం కట్టెలు తడిలో నానుతాయి, ఇంటి లోపలే తేమ పెరుగుతుంది, పని ఆగిపోతుంది. పడుగు ఎక్కించిన మగ్గాన్ని పక్కకు జరపడం కుదరదు. మిద్దె ఉరుస్తుంటే మగ్గం మీద ప్లాస్టిక్ పట్టా కప్పి నేత సాగిస్తారు. పట్టు తడవకుండా కాపాడిన ఆ పట్టానే ఉరుపు ఎక్కడ పడుతోందో కనిపించకుండా చేస్తుంది. అలా మగ్గానికి సరిగ్గా పైన ఉన్న దూలాన్ని ఏళ్లకేళ్లు ఎవరూ చూడరు.

హిందూపురం, మడకశిర వైపు రాయికి కొదవ లేదు. రాతి కంబాల మీద దూలం ఆనిన ఇళ్లు అక్కడ కనిపిస్తాయి. కంబం తలపై ఉన్న దూలం కొసకు నాలుగు వైపులా గాలి ఆడుతుంది, కంటికీ కనిపిస్తుంది. మట్టి గోడలో పూడ్చిన కొసకు ఆ రెండూ లేవు. ఒకే ఇంట్లో, ఒకే చెట్టు కొయ్యకు రెండు చివర్లా రెండు రకాల ఆయుష్షు ఉండటానికి కారణం ఇదే.

రాయి, సున్నం, కొయ్య కథ ఈ ప్రాంత చరిత్రలోనూ ఉంది. హంపీలో విజయనగర రాజభవనాల రాతి పీఠాలే మిగిలాయి, వాటి మీద లేచిన కొయ్య కట్టడాలు లేవు. విజయనగరం ఓడిన 1565 యుద్ధం తర్వాత రాజధాని అయిన పెనుకొండలో గగన్ మహల్ రాయి, ఇటుక, సున్నంతో నేటికీ నిలిచి ఉంది. తర్వాత రాజధాని మారిన చంద్రగిరిలోని రాజమహల్ కట్టడంలో కొయ్యే వాడలేదంటారు. సామాన్యుల ఇళ్లకు అంత సున్నం, అంత రాయి అందలేదు. వాళ్లు కొయ్యనూ చౌడునూ నమ్ముకున్నారు. ఏటా కనిపెట్టుకుని ఉండటమే ఆ కట్టడానికి ప్రాణం.

బాగుచేసినట్టు కనిపించే మిద్దెలు

ఇవాళ అన్నిటికన్నా ఎక్కువ అనుమానించాల్సినవి బీదగా కనిపించే మిద్దెలు కావు, ఈమధ్య బాగుచేయించినవి. ఉరుపు ఆపడానికి మట్టి మీద సిమెంటు పూత వేస్తారు. కింద తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకునే మట్టి, పైన వంగని సిమెంటు. రెండేళ్లలో వెంట్రుకవాసి చీలికలు వస్తాయి. వాటిలోంచి దిగిన నీరు సిమెంటు కింద చిక్కుకుపోతుంది. చౌడు బీటలను తొలివాన మూస్తుంది, సిమెంటు బీటలను ఏ వానా మూయదు. కొందరు మట్టి పొరల మధ్య ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. చినిగిన ఒక్క చోట దిగిన నీళ్లు పట్టా కింద పాకి ఎక్కడో తేలతాయి.

ఇక లోపలివైపు. రాలే మట్టి కనపడకుండా పీవీసీ సీలింగు కొడతారు, దూలాలకు ఎనామెల్ రంగు వేస్తారు. ఇల్లు అందంగా ఉంటుంది, అద్దె పెరుగుతుంది. అంతకుముందు ఏదైనా దంతె వంగితే ఇంటి ముసలమ్మ మంచంలో పడుకునే కనిపెట్టేది. ఇప్పుడు ఆ కన్ను మూసేసినట్టయింది. ఫైబర్ పడవలో కొయ్యకు పట్టిన గతే సీలింగు వెనక దూలానికీ పడుతుంది. సీలింగు కావాలనుకునేవాళ్లు కనీసం దూలం కొసల దగ్గర విప్పి చూడగలిగే పలకలు పెట్టించుకోవాలి.

పరీక్షలు, వాటి హద్దులు

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. దూలం రెండు చివర్ల మధ్య నూలుదారం బిగించి లాగి, నడిమిలో దూలం దారం కన్నా ఎంత కిందికి దిగిందో కొలిచి, గోడ మీద తేదీతో రాసుకోవాలి. పాత దూలం కొంత వంగి ఉండటం సహజం. దశాబ్దాల బరువు కింద మంచి కొయ్య కూడా సాగుతుంది. ఆగిన వంపుతో భయం లేదు. వానాకాలం ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత తీసుకున్నప్పుడు తేడా వస్తే మాత్రం ఆ దూలం కింద మంచం వేయకూడదు.

రెండోది సుత్తి. పడవలు పరీక్షించేవాళ్లు ప్లాస్టిక్ తల సుత్తితో డెక్కంతా అంగుళం అంగుళం తట్టి చప్పుడు వింటారు. వడ్రంగి చేసేదీ అదే. దీనికి హద్దు ఉంది. పైన మట్టి నొక్కి ఉన్న కొయ్య మంచిదైనా మొద్దుగానే పలుకుతుంది. అందుకే ఒక దూలాన్ని మరో దూలంతో పోల్చడం కన్నా, ఒకే దూలం నడిమినీ కొసనూ పోల్చి వినాలి.

మూడోది దబ్బనం లేదా సన్నని ఉలి. గుచ్చి, కొంచెం పైకి మీటాలి. బతికిన కొయ్య చిటపటమంటూ పొడవాటి పేళ్లుగా లేస్తుంది. చీకిన కొయ్య చప్పుడు లేకుండా పొట్టిగా, గుచ్చిన చోటే విరుగుతుంది. దిగిన లోతు కన్నా విరిగిన తీరు ఎక్కువ చెబుతుంది.

నాలుగోది డ్రిల్లు. గోడలో దాగిన కొసను చేరాలంటే గోడకు నాలుగైదు అంగుళాల ఇవతల, దూలం పక్కభాగం నుంచి ఏటవాలుగా గోడవైపు అయిదారు మిల్లీమీటర్ల సన్న రంధ్రం వేయాలి. మంచి కొయ్య నుంచి పొడి చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. కుళ్లు తగిలిన చోట ముదురు గోధుమ రంగు పొడి రాలి, చేతికి బరువు ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ తేలిక ఎన్ని అంగుళాల దగ్గర మొదలైందో రాసుకుని, రంధ్రంలో చేవ పుల్ల దిగగొట్టి మూసేయాలి. ఒక్క జాగ్రత్త మరవకూడదు. దూలం నడిమిలో అడుగు ముఖాన ఎప్పుడూ రంధ్రం వేయకూడదు, లాగుడంతా భరించేది ఆ పోగులే. ఈ పద్ధతికే జర్మనీలో 1980లలో రెసిస్టోగ్రాఫ్ అనే యంత్రరూపం వచ్చింది. 3 మిల్లీమీటర్ల తల ఉన్న సూది కొయ్యలోకి దిగుతుంటే ఎక్కడ ఎంత అడ్డు తగిలిందో గీత గీసి చూపుతుంది.

అయిదోది తేమ మీటరు. రెండు సూదులు గుచ్చితే కొయ్యలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి తేమ శాతం చెబుతుంది. సీమ మిద్దెల్లో దీన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. చౌడులోని లవణాలు దూలంలోకి దిగి ఉంటే కరెంటు సులువుగా పారుతుంది, మీటరు లేని తేమను చూపుతుంది. ఉప్పునీటి పడవల్లోనూ ఈ మీటరు ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. అనుమానం తీరాలంటే పాత పద్ధతే మేలు. డ్రిల్లు నుంచి రాలిన పొడిని వెంటనే మూతబిగువు సీసాలో వేసి తూచాలి, 103 డిగ్రీల వేడిలో పూర్తిగా ఆర్చి మళ్లీ తూచాలి. 12 గ్రాములు 10 అయితే, పోయిన 2 గ్రాములను పొడిబరువు 10తో భాగించి తేమ 20 శాతం అని తేల్చవచ్చు.

ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ చాలదు. చూపు, దారం, సుత్తి ఇంటివాళ్లే చేసుకోవచ్చు. దబ్బనం, డ్రిల్లు అలవాటైన వడ్రంగి చేతికి ఇవ్వాలి. రెండు మూడు పరీక్షలు ఒకే చోటును చూపితే ఆ చోట మట్టి తీసి చూడటం తప్ప వేరే దారి లేదు. తనిఖీకి సరైన కాలం వానలు తగ్గిన నవంబరు, డిసెంబరు నెలలు. ఉరుపు గుర్తులు అప్పుడు పచ్చిగా ఉంటాయి, కొయ్యలో తేమ ఇంకా పోయి ఉండదు. వేసవిలో చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

తేలాక ఏం చేయాలి

డొల్ల అని తేలిన దూలం కింద ఆరోజే ఆసరాగా పోటు పెట్టాలి. పోటు నేల మీద నేరుగా నిలపకుండా కింద వెడల్పాటి పలక వేయాలి, లేకపోతే తడినేలలోకి దిగిపోతుంది. తర్వాత బరువు తగ్గించాలి. ఒక్కసారిగా ఒక పక్క మట్టి మొత్తం తీస్తే రెండో పక్క బరువుకు దూలాలు మెలితిరగవచ్చు. అందుకని రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా దించుతారు. వానలో తడిసిన మిద్దె మీదికి ఎక్కి మట్టి తీయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం కొయ్యలోకి ఇంకి శిలీంధ్రాన్నీ పురుగునూ ఆపుతుంది. అయితే వాన నేరుగా తడిపే చోట అది కడుక్కుపోతుంది. వాడేసిన ఇంజను ఆయిలు పూయడం ఊళ్లలో అలవాటు, అది పైపొర దాటి లోపలికి పెద్దగా పోదు. ఏ మందూ పోయిన చేవను తిరిగి తేదు.

ఇలాంటి పనికి సలహా అందేంత దగ్గరలోనే సంస్థలున్నాయి. హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో కొయ్య శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది. సముద్రపు నీటిలో కొయ్య ఎలా పాడవుతుందో చూడటానికి ఆ సంస్థ విశాఖపట్నంలో ఒక కేంద్రాన్నే నడిపింది. పడవ కొయ్యకు దక్కిన ఆ శ్రద్ధ మిద్దె కొయ్యకూ దక్కాలి. వార్డు సచివాలయాల్లో ఇంజనీరింగ్ చదివిన ఉద్యోగులున్నారు. ఒక సుత్తి, దబ్బనం, దారపు ఉండ, నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి వానలు తగ్గాక పాత మిద్దెలన్నీ ఒకసారి చూపిస్తే, ఏ ఇంటి కింద పోటు పెట్టాలో తర్వాతి వానాకాలానికి ముందే తెలుస్తుంది. బర్క్‌లీలో ఆరు ప్రాణాలు పోయాక వచ్చిన చట్టం చెప్పిందీ దాదాపు ఇదే.

కొస కుళ్లిన దూలాన్ని పూర్తిగా మార్చనక్కర్లేదని హిందూపురం వైపు రాతి కంబాల ఇళ్లే దారి చూపుతాయి. 14 అడుగుల దూలంలో పోయింది గోడలోని అడుగున్నర మాత్రమే అయితే, గోడకు ఆనుకుని లోపలివైపు పునాది వేసి ఒక రాతి కంబం నిలిపి, దూలాన్ని దాని గట్టి భాగం మీద ఆనిస్తారు. పోటు మెల్లగా వదులుతారు. బరువు కంబం మీదికి వచ్చిందని రూఢి అయ్యాక గోడలోని ముక్కను రంపంతో కోసి బయటికి లాగుతారు. గోడలో మిగిలిన గుంతను వెంటనే పూడ్చకుండా కొన్నాళ్లు తెరిచి ఉంచితే తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపిస్తుంది. కోసిన ముక్క ఇంటివాళ్ల చేతుల్లోనే పొడిపొడిగా రాలుతుంది. దూలం కోత ముఖం మీద మాత్రం చేవ ఎర్రగా, పొడిగా, కొత్తగా కోసిన కొయ్య వాసనతో ఉంటుంది.